మీటలపై తెలుగు

తెలుగును మీటలమీద వ్రాయుట యొక విద్య. దానిని విద్యగా మనము నేటికిని అంగీకరింపకుండుట నాకు మిక్కిలి విచారము గొలుపుచున్నది. పలకమీద ఓనమాలు దిద్దించుటకును, గుణింతములు వల్లెవేయించుటకును, దస్తూరి కుదురుటకై పుటలకు పుటలు వ్రాయించుటకును ఏండ్లు వెచ్చింతుము గాని, జీవితమంతయు ఫోనులోను కంప్యూటరులోను వ్రాయబోవు బిడ్డకు ఆ మీటలమీద అక్షరము పుట్టు విధమును ఒక్కపూటయైనను నేర్పము. అందుచేత వాడు తెలుగుమాటను ఆంగ్లాక్షరములలో కూర్చి, యంత్రము ఊహించి యిచ్చిన రూపమును స్వీకరించి, తెలుగు వ్రాయుట యనగా ఇదియే యని తలచుచున్నాడు.

టైపుమిషను కాలమున ఈ విద్యకు గురువులుండిరి. జిల్లా పట్టణములలోని ఇన్‌స్టిట్యూటులలో లోయరు, హయ్యరు పరీక్షలకై తెలుగు టైపు నేర్చినవారిని నేనెరుగుదును. నలువదికి పైబడిన మీటలతో వందలకొలది అక్షరరూపములను రాబట్టవలసి యుండుటచే, వారు తలకట్టు నొకమారు, ఒత్తు నొకమారు కొట్టి, అక్షరమును అంగములుగా పేర్చుకొనెడివారు. రూపము కొంత వంకరపోయినను, ఆ అంగముల పొందిక వారి వ్రేళ్ళకు తెలిసియుండెను.

1986లో భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ వారు ప్రమాణముగా నిలిపిన ఇన్‌స్క్రిప్టు అమరిక ఆ జ్ఞానమునే శాస్త్రబద్ధము గావించినది. అచ్చులును వాని గుర్తులును ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి, పొల్లు ఎడమచేతి నడిమివ్రేలికి. ‘క’ నిచ్చు మీటయే షిఫ్టుతో ‘ఖ’ నిచ్చును, ‘గ’ నిచ్చునది ‘ఘ’ నిచ్చును. ‘స్త్రీ’ యని వ్రాయవలెనన్న స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము నొక్కవలెను. కంప్యూటరులో అక్షరములకు సంకేతముల నిచ్చు ప్రమాణమైన యూనికోడు లోపల దాచుకొనునదియు ఆ యారు సంకేతములనే. వర్ణములను స్థానప్రయత్నముల ననుసరించి వరుసదీర్చిన ప్రాచీనుల బుద్ధి ఈ మీటలలో ప్రకాశించుచున్నదని, దానిని అభ్యసించినకొలదియు నాకు స్పష్టమగుచున్నది. కన్నడము, హిందీ వ్రాయబూనినను ‘క’ ఆ మీటమీదనే యుండును.

చిక్కులు లేకపోలేదు. ‘ఫోన్‌లో’ అని వ్రాయవలెనన్న పొల్లు పిమ్మట కంటికి కానరాని యొక చిహ్నము నుంచవలెను. లేనిచో లకారము ఒత్తై క్రిందికి దిగి ‘ఫోన్లో’ యగును. పెక్కు ఫోనులలో ఆ చిహ్నమున్న తావు వెదకినను దొరకదు. అది గల మాటయు లేని మాటయు వెదకులాటలో వేర్వేరు మాటలుగా పరిగణింపబడుటయు కలదు. 2018 ఫిబ్రవరిలో ఇట్టి అదృశ్యచిహ్నము నడుమ చేరిన ‘జ్ఞా’ను చూపబోయి ఐఫోనులలో యాప్‌లు కూలిపోగా, ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దోషమును సరిదిద్దినది. కోట్లకొలది జనులు చదువు లిపిని ముందుగానే శ్రద్ధతో పరీక్షించి యుండవలదా?

ఇంతకన్న నన్ను బాధించునది పాత డీటీపీ ఫైళ్ళ దురవస్థ. యూనికోడు వ్యాప్తిలోనికి రాకమునుపు మన పత్రికలును గ్రంథములును ఏ ఫాంటులతో కూర్పబడెనో, వానిలో పెక్కింట ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు ముక్కలు అమర్పబడియుండెను. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరచినచో అర్థములేని అక్షరగుళికలు మాత్రమే కనిపించును. ఫాంటు ఉన్నను, ఒక్క మాటను వెదకి పట్టుకొనుటకు వీలుపడదు. ఎందరి పరిశ్రమయో, ఎన్ని కథలో, ఎన్ని గ్రామచరిత్రలో ఈ విధముగా హార్డుడిస్కులలో మూగవోయి యున్నవి.

1991లో యూనికోడు మొదటి సంచికయందే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడుటచేతనే కదా, నేడు హైదరాబాదున వ్రాసిన లేఖ డాలసులో చెక్కుచెదరక తెరచుకొనుచున్నది, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నిలిచి పెరుగుచున్నది. నేడు యంత్రము పలికిన మాటను విని కూడ వ్రాయుచున్నది. చేయి వణకుటచే కలము పట్టజాలని మా అక్కయ్య ఫోనులో మాటలాడి మనుమరాలికి ఉత్తరము వ్రాయించుకొనుచున్నది. యంత్రము ఆమె పలికిన సంధులను విడగొట్టి, ఇంటిపేరును తప్పుగా విని, కొంత చికాకు పెట్టినను, ఆమె దానిని విడువదు. నేనును విడువుమని చెప్పజాలను. ఐనను కంఠమునకు లభించిన ఈ సదుపాయమును చూచి, వ్రేళ్ళకు నేర్పవలసిన విద్య అనవసర మనువారితో నేను ఏకీభవింపను. విన్న మాటను యంత్రము వ్రాసిన పిమ్మట దోషమును గుర్తించి దిద్దవలసినవాడు మనుష్యుడే. అక్షరము ఎట్లు కూడునో ఎరుగనివాడు దానిని ఎట్లు దిద్దును?

నా పాత వ్యాసముల ఫైళ్ళను యూనికోడులోనికి మార్చు పనిలో నేనిప్పుడున్నాను. మార్పిడి సాధనము క్షణములో పుట నిచ్చును గాని, ఒత్తులు తారుమారగును, అరసున్నలు లోపించును. కావున ప్రతి పంక్తిని అచ్చుప్రతితో సరిచూచి, ఇన్‌స్క్రిప్టు మీటలతో దిద్దుచున్నాను. 1998 నాటి కట్ట ఇంకను సగమైనను పూర్తి కాలేదు.