కొయ్యబారిన ఒళ్ళు

మన కథల్లో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. బస్సులో ఎవడో చెయ్యి వేస్తాడు. ఆమె గిరుక్కున తిరిగి వాడి చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. అది చదివి నేనూ చాలాసార్లు సంబరపడ్డాను. ఆ సంబరం వెనక సిగ్గు కూడా ఉండేది.

డిగ్రీ చదివే రోజుల్లో నా మీద అలాంటి చెయ్యి పడినప్పుడు నేను కొట్టలేదు. అరవలేదు. కనీసం పక్కకి జరగలేదు. నోరు ఎండిపోయింది. చేతులు చల్లబడ్డాయి. నా స్టాపు దాటిపోతున్నా లేవలేకపోయాను. వణుకు మాత్రం ఇంటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నాక మొదలైంది. సంగతి విని అమ్మ, "నీకు నోరు లేదుటే?" అంది. ఆ ప్రశ్న ఏళ్ళ తరబడి నన్ను నేనే వేసుకున్నాను.

ఆపదలో శరీరం పోరాటానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లో రాశాడు. బిగుసుకుపోవడం కూడా శరీరం చేసే పనేనని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మనం ఆలోచించేలోపే అది జరిగిపోతుంది. అది ఒప్పుకోలూ కాదు, పిరికితనమూ కాదు. ఆపద దాటాక వచ్చే వణుకూ అందులో భాగమే.

నిజానికి తెలుగుకి ఇదంతా ఎప్పుడో తెలుసు. కొయ్యబారిపోయాను, నోట మాట రాలేదు, కాళ్ళూ చేతులూ ఆడలేదు అని మన అమ్మమ్మలు అంటూనే ఉన్నారు. పాము ముందు కొయ్యబారితే ఎవరూ తప్పు పట్టలేదు. మగవాడి ముందు కొయ్యబారితేనే సంజాయిషీ అడిగారు.

కోర్టులూ అడిగాయి. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాలు లేకపోవడాన్ని ఎత్తిచూపుతూ ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందనుకోకూడదని చట్టంలో స్పష్టంగా రాయడానికి 2013 దాకా పట్టింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మాట ఉంది.

చట్టం రాత మారింది. మరి మన కథ? చెంపదెబ్బ కథలు వద్దనను. అవి మనకు ధైర్యాన్నిచ్చాయి. కానీ స్త్రీవాద కథ కూడా కొట్టిన అమ్మాయినే నాయికను చేస్తూ పోతే, కొట్టలేకపోయిన అమ్మాయిని మళ్ళీ బోనెక్కించినట్టే కదా! చేతిలో గ్లాసు వణికిన అలాంటి సాయంత్రాన్ని ఆనాడే ఏ కథలోనైనా చదివి ఉంటే, అమ్మ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది.