నాలుక కింద మాత్ర

ఓపియాయిడ్ల మత్తుకు వైద్యంగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్రను మింగితే దండగే. నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా అయిదు పది నిముషాలు నోరు మెదపకుండా ఉండాలి. ఎదురుగా కూర్చుని చూడటమే నా కౌన్సెలర్ ఉద్యోగంలో సగం. మాత్ర వేసుకున్నవాడు మాట్లాడలేడు గనక నేనే మాట్లాడతాను. బాగలూరులో వాన పడిందా? సిప్‌కాట్ ఫ్యాక్టరీలో షిఫ్టు మారిందా? తల ఊపుతాడు. షిఫ్టు మారిందంటే నాకు గుబులు. పొద్దున షిఫ్టులో పడ్డవాడికి పొద్దున మాత్ర కుదరదు, వారం తిరక్కుండా కనబడకుండా పోతాడు.

కొత్తలో మానేసేవాళ్లంతా బాధ తాళలేకే మానేస్తారనుకున్నాను. మొదటి వారాల్లో నిజమే. మోతాదు చాలకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు. మళ్లీ పాత దారి. కానీ తర్వాత తర్వాత నా చేతుల్లోంచి జారినవాళ్లు చాలామంది బాగుపడ్డవాళ్లే. ఒళ్లు తేరింది, జీతం ఇంటికొస్తోంది, ఇంకెందుకీ మాత్ర? అసలు భయం అక్కడే. మాత్ర ఆపాక ఒంటికి మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఒక్కనాడు మనసు జారి పాత లెక్కలోనే సూది వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు.

ఆపెయ్యాలన్న తొందర మనకు కొత్తది కాదు. మా హోసూరుకు దగ్గర్లోని తొరపల్లిలో పుట్టిన రాజాజీ, 1937లో సేలం జిల్లాలో మద్యం నిషేధించారు. అప్పటికి హోసూరు ఆ జిల్లాలోదే. అప్పట్నించీ మత్తు అనగానే మనకు తోచేది ఆపెయ్యడమే. ఏళ్ల తరబడి మందు ఇచ్చే వైద్యమంటే ఇంట్లోవాళ్లకు అది ఇంకో మత్తులా కనిపిస్తుంది. 2019లో వచ్చిన కేంద్ర సర్వే, ఓపియాయిడ్ల వాడకంతో చిక్కుల్లో పడ్డవాళ్లు దేశంలో సుమారు 77 లక్షలమంది అంది. వాళ్ల అమ్మలందరూ అడిగే ప్రశ్న ఒకటే అయ్యుంటుంది: ఈ మాత్ర ఎప్పుడు ఆపుతారు?

శూలగిరి నుంచి వచ్చే కుర్రాడి అమ్మ మొన్న అడిగింది. "పెండ్లి కుదిరింది సార్. పిల్ల ఇంటోళ్లకు తెలిస్తే? అంతవరకన్నా ఆపండి."

ఆపొద్దని బతిమాలి, పెళ్లి తేదీ రిజిస్టరులో రాసుకున్నాను. ముందురోజూ మర్నాడూ ఫోన్ చెయ్యాలి, ఆ హడావుడిలో మాత్ర మర్చిపోతారు. ఒప్పించానే గానీ మనసు కుదుటపడలేదు. దాచిపెట్టి చేసే పెళ్లికి నేనూ సాయం పట్టినట్టే కదా. నిన్న కుర్రాడితో అన్నాను, "ఆ అమ్మాయికి నువ్వే ముందుగా చెప్పు నాయనా" అని.

తల ఊపాడు. నోట్లో మాత్ర ఉంది. అవునన్నాడో, ఊరికే ఊపాడో తెలీలేదు.