కార్మెనేర్‌కు తోడు కావాలి

చిలీ రెడ్ వైన్ కొనేటప్పుడు చాలామంది సీసా మీద ఒక్క ద్రాక్ష పేరే చూస్తారు. నా చెయ్యి మాత్రం రెండు పేర్లున్న సీసా మీదికే పోతుంది. ఆ రెండూ కాబెర్నే సావిన్యోన్, కార్మెనేర్ అయితే మరీను.

కార్మెనేర్ పుట్టిల్లు ఫ్రాన్సులోని బోర్డో. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా పురుగు వేళ్లు తినేసి అక్కడి తోటలను తుడిచిపెట్టింది. తిరిగి నాటేటప్పుడు ఆలస్యంగా పండే ఈ రకాన్ని రైతులు దాదాపు వదిలేశారు. అంతకుముందే చిలీకి వెళ్లిన తీగలు బతికిపోయాయి గానీ, అక్కడ వాటిని మెర్లో అనుకున్నారు. 1994 నవంబరులో మైపో లోయలోని కార్మెన్ తోటకు వచ్చిన ఫ్రెంచ్ ద్రాక్ష నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో అది మెర్లో కాదని తేల్చాడు.

దీనివల్ల మారింది పేరొక్కటే కాదు, కోత రోజు కూడా. కార్మెనేర్ మెర్లో కంటే మూడు నాలుగు వారాలు వెనకగా పండుతుంది. తొందరపడి కోస్తే పచ్చి క్యాప్సికమ్ తరిగిన వాసన గ్లాసులోకి వచ్చేస్తుంది. బాగా పండనిస్తే ఆ వాసన తగ్గి, మిరియం, పొగ వాసనలు పైకి తేలతాయి. అయితే అప్పటికి పులుపు పడిపోతుంది. అందుకే కాబెర్నే కావాలి. వగరూ పులుపూ దానివి, మెత్తదనం దీనిది. ఏ రకానికి ఆ రకాన్ని విడిగా పులియబెట్టి, పీపాల్లో ఉంచి, రుచి చూస్తూ పాళ్లు కలుపుతారు. ఆ పాళ్లు ఏటా ఒకేలా ఉండవు. చిలీలోని ప్యూంతే ఆల్తోలో తయారయ్యే ఆల్మావీవా అనే వైన్‌లో పెద్ద వాటా కాబెర్నేది. వైన్ స్పెక్టేటర్ పత్రిక 2008లో అగ్రస్థానం ఇచ్చిన, 2005 పంటతో చేసిన చిలీ వైన్ క్లో అపాల్తాలో మాత్రం కార్మెనేర్‌దే పైచేయి.

ఇలా కలిపిన వైన్‌కు తిండిలో జోడీ ఏమిటంటే అందరూ నిప్పుల మీద కాల్చిన బీఫ్ అంటారు. కాదనను. మాంసంలోని ప్రోటీన్, కొవ్వు వగరును లొంగదీస్తాయి. నా ఓటు మాత్రం పాస్తెల్ దె చోక్లోకి. వేసవిలో లేత మొక్కజొన్న దిగినప్పుడు చిలీ ఇళ్లలో చేసే వంట ఇది. మట్టిమూకుడు అడుగున ఉల్లిపాయ, జీలకర్రతో వేపిన మాంసం, దాని మీద ఉడికించిన గుడ్డు ముక్క, ఆలివ్, కోడిముక్క. ఆ పైన తులసి జాతి ఆకుతో రుబ్బిన మొక్కజొన్న ముద్ద పరిచి, పొయ్యిలో పెడతారు. అంచులు మాడి, మధ్యలో బుడగలు వచ్చేదాకా కాలాలి. కార్మెనేర్‌లో మిగిలిన ఆ కాస్త పచ్చివాసనా ఈ ఆకు, జీలకర్రల పక్కన చక్కగా ఇమిడిపోతుంది. బీఫ్ పక్కన అదే వాసన వేరుగా తెలుస్తుంది. కొందరు పైన పంచదార చల్లి ఎర్రగా కాలుస్తారు. అది మాత్రం వద్దంటాను. తీపి తగిలితే వైన్ వగరు, చేదు రెండూ పెరుగుతాయి.

మన వంటల్లో దేనితో అని అడిగేవాళ్లకు ఒక మాట. ఈ వైన్లలో ఆల్కహాల్ తరచుగా 14 శాతం దగ్గర ఉంటుంది. ఎండుమిరప మంటను అదీ, వగరూ కలిసి ఎగదోస్తాయి. కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్ వేపుడుకు బాగుంటుంది. సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి 16, 17 డిగ్రీల దగ్గర పోసుకోండి. మన గది వేడిలో తాగితే మత్తు ఘాటే ముందు తగులుతుంది. గోంగూర మాంసం వండిన రోజు మాత్రం సీసా తెరవకండి. ఆ పులుపు ముందు ఏ కార్మెనేర్ అయినా చప్పబడిపోతుంది.