తర్కానికి అందని ప్రశ్న: ‘తహాఫుతుల్ ఫలాసిఫా’పై ఒక పరిశీలన

ఇమామ్ గజాలీ (రహ్మలై) తర్కాన్ని త్రోసిపుచ్చారనీ, ఆయన కలం దెబ్బకు ముస్లిములలో హేతుచింతన అంతరించిందనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఆయనను నిందించేవారు ఈ మాట అంటారు. ఆయనను అభిమానించే కొందరు ఇదే మాటను మెప్పుగా చెప్పుకుంటారు. హిజ్రీ 488లో, అంటే క్రీ.శ. 1095లో పూర్తయిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ను శ్రద్ధగా చదివినవారికి ఈ రెండు పక్షాలూ పొరబడ్డాయని బోధపడుతుంది. మంతిఖ్‌ను కాదనదలచినవారెవరూ ఆ శాస్త్రంపైనే ‘మియారుల్ ఇల్మ్’ వంటి గ్రంథం రచించరు. ఉసూలె ఫిఖ్‌పై వెలువరించిన ‘అల్ ముస్తస్ఫా’కు తర్కశాస్త్రాన్నే ఉపోద్ఘాతంగా చేర్చరు.

మరి ఆయన కాదన్నదేమిటి? తత్వవేత్తలు ‘బుర్హాన్’కు, అంటే నిశ్చితమైన నిరూపణకు, తర్కగ్రంథాలలో కొన్ని నియమాలు విధించారు. దైవం గురించి, సృష్టి గురించి మాట్లాడే సందర్భంలో ఆ నియమాలను వారే పాటించలేకపోయారన్నది ఆయన ఆరోపణ. గ్రంథంలోని 20 చర్చలకూ ఇదే ఆయువుపట్టు.

మొదటి చర్చను చూస్తే విషయం స్పష్టమవుతుంది. విశ్వం అనాదిగా ఉన్నదా, లేక ఒకప్పుడు లేకుండా ఉండి తర్వాత ఉనికిలోకి వచ్చిందా? ఇబ్నె సీనా మార్గంలో నడిచినవారి వాదన ఇది: కారణం సంపూర్ణంగా ఉన్నప్పుడు కార్యం ఆలస్యం కాజాలదు. దైవం అనాది, ఆయన సంకల్పమూ అనాదియే, ఆయన శక్తికి లోటు లేదు. అలాంటప్పుడు విశ్వం ఫలానా క్షణంలోనే ఎందుకు మొదలు కావాలి? విశ్వం ఫలానా సమయంలో ఉనికిలోకి రావాలని అనాది సంకల్పమే నిర్ణయించి ఉండవచ్చునని గజాలీ సమాధానం. అది అసంభవమని అనేవారిని ఆయన నిలదీశారు: నిరూపణ ద్వారా తెలిసిందంటే ‘హద్దె ఔసత్’ ఏదో చూపాలి. స్వతస్సిద్ధంగా తెలుసునంటే, వారితో విభేదించే లెక్కలేనంత మందికి అది ఎందుకు తెలియలేదో చెప్పాలి. దర్సె నిజామీ చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న బరువు తెలుసు. రెండు ప్రతిపాదనలను కలిపే మధ్యపదం లేనిదే నిరూపణ నిలవదు.

రెండు క్షణాలు సమానమైతే ఒకదానిని ఎంచుకోవడం ఎలాగన్న ఆక్షేపణకు గజాలీ ఖర్జూరాల ఉదాహరణ ఇచ్చారు. ఆకలిగొన్నవాని ముందు అన్ని విధాలా సమానమైన రెండు ఖర్జూరాలున్నాయి. రెండూ తీసుకునే వీలు లేదు. అయినా అతను చేయి చాచి ఒకటి తీసుకుంటాడు. సమానమైన వాటిలో ఒకదానిని వేరుచేయడమే సంకల్పం స్వభావం.

దాదాపు 1180లో ‘తహాఫుతుత్ తహాఫుత్’ రచించిన ఇబ్నె రుష్ద్ దీనిని అంగీకరించలేదు. అతను ఎంచుకున్నది ఒక పండుకు బదులు మరో పండును కాదనీ, మానుకోవడానికి బదులు తినడాన్ననీ ఆయన విశ్లేషించారు. ఈ వివరణ సూక్ష్మమైనదే. కాని చేయి ఈ పండు మీదికే ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న తీరలేదు. స్వతస్సిద్ధ సత్యానికి అందరి ఆమోదం షరతు కాదని కూడా ఆయన అన్నారు. అదీ నిజమే. అయితే ఆమోదమూ లేక, మధ్యపదమూ లేక మిగిలిన మాటను ఎదుటివాడు ఒప్పుకు తీరాలనడానికి ఆధారమేమిటి? మరోవైపు, ఈ గ్రంథంలో తన పని పడగొట్టడమే గాని నిర్మించడం కాదని గజాలీ స్వయంగా చెప్పుకున్నారు. కాబట్టి రెండు పక్షాలలో ఏ ఒక్కటీ ఇక్కడ బుర్హాన్ స్థాయికి చేరలేదు.

ఇబ్నె రుష్ద్‌కు పెద్దవారైన ఇబ్నె తుఫైల్ తన ‘హయ్ బిన్ యఖ్జాన్’ కథలో ఈ స్థితిని నిజాయితీగా చిత్రించారు. ఏకాకి అయిన హయ్ ఇదే ప్రశ్నతో ఏళ్ల తరబడి సతమతమవుతాడు. ఏ వైపు చూసినా ఆక్షేపణలే ఎదురవుతాయి. చివరకు, రెండు మార్గాలూ విశ్వానికి కర్త ఉన్నాడన్న ఒకే గమ్యానికి చేరుస్తున్నాయని గ్రహిస్తాడు. తర్కం ప్రశ్నను తీర్చలేకపోయినా, అతనిని దారి తప్పించలేదు.

‘తహాఫుత్’లో బలహీనమైన చోటు దాని ముగింపు. విశ్వం అనాది అనడం, దైవానికి విడివిడి విషయాల జ్ఞానం లేదనడం, దేహంతో పునరుత్థానం లేదనడం: ఈ మూడింటికీ గజాలీ కుఫ్ర్ తీర్పు ఇచ్చారు. ఈ తీర్పుకు ఆధారం తర్కం కాదు. అది ప్రవక్తల బోధను అబద్ధమనడమే అవుతుందన్న హేతువు. పునరుత్థానం విషయంలో ఈ హేతువు బలమైనది, ఆయత్‌లు సుస్పష్టంగా ఉన్నాయి గనుక. మొదటి విషయంలో అంత స్పష్టత ఉన్నదా? సూరె హూద్ 7వ ఆయత్‌లో అర్ష్ గురించి, నీటి గురించి ఉన్న ప్రస్తావనను ఇబ్నె రుష్ద్ ‘ఫస్లుల్ మఖాల్’లో ఎత్తిచూపారు. ఇలాంటి క్లిష్ట విషయాలలో పండితుడు పొరబడినా క్షమార్హుడేనన్నారు. గజాలీయే తర్వాత ‘ఫైసలుత్ తఫ్రిఖా’లో, కలిమా పలికేవారిని కాఫిర్ అనడానికి నాలుక తొందరపడరాదని హితవు చెప్పారు.

ఇలాంటి తీర్పు ఎంతటి భయాన్ని పుట్టిస్తుందో మర్రాకుషీ చరిత్రలోని ఒక ఘట్టం చెబుతుంది. ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ మొదటి సమావేశంలోనే ఇబ్నె రుష్ద్‌ను, ఆకాశం అనాది అని తత్వవేత్తలు భావిస్తారా, సృష్టి అని భావిస్తారా అని అడిగాడు. ఆయన భయపడి, అసలు తత్వశాస్త్రమే చదవలేదన్నారు. ఖలీఫా స్వయంగా ఇబ్నె తుఫైల్‌తో ఆ చర్చ సాగించిన తర్వాతే ఆయన నోరు విప్పారు.

తర్కం ఎక్కడ ఆగిపోతుందో తర్కంతోనే చూపడం ‘తహాఫుత్’ సాధించిన ఘనత. అది ఆగిన చోట విశ్వాసి వహీని ఆశ్రయిస్తాడు. వహీ సుస్పష్టంగా పలికిన చోట సందేహానికి తావు లేదు. అది వివరించక విడిచిన చోట సోదరుని ఈమాన్‌పై తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. పూర్వ పండితులు ఫత్వా చివర ‘వల్లాహు ఆలమ్’ అని రాసేవారు. అది అలంకారం కోసం రాసిన మాట కాదు.