భయం లేని గుంపు

పల్నాడులో నడి సెంటర్లో నలుగురు పరుగెత్తితే చాలు, చుట్టుపక్కల షాపుల షట్టర్ల మీదికి చేతులు పోతాయి. 2024 మే 13న పోలింగ్ నాడు మాచర్ల, నరసరావుపేటల్లో జరిగిన గొడవలూ, ఆ వెంటనే పెట్టిన 144 సెక్షనూ జనం ఇంకా మరిచిపోలేదు. అలాంటి చోట ఓ యాభై మంది కాలేజీ పిల్లలు ఉన్నట్టుండి జనంలోంచి బయటికొచ్చి, ఐదారు నిమిషాలు కలిసి ఆడి, మళ్లీ ఆ జనంలోనే కలిసిపోవడం చిన్న సంగతి కాదు. ఓటు గురించో, హెల్మెట్ గురించో, మత్తుమందుల గురించో నాలుగు మాటలు చెప్పడానికి మన కాలేజీలు ఫ్లాష్ మాబ్‌లు చేస్తూనే ఉన్నాయి. పల్నాడులో మాత్రం దానికి ఇంకో పెద్ద పని ఉంది. గుంపు అంటే భయం కాదని చూపించడం.

వీధి మనకు కొత్త కాదు

ఫ్లాష్ మాబ్ అనే ఈ ప్రక్రియ 2003 జూన్‌లో న్యూయార్క్‌లో మొదలైంది. బిల్ వాసిక్ అనే పత్రికా సంపాదకుడు పంపిన కబురుతో వంద మందికి పైగా మేసీస్ దుకాణంలో ఒక తివాచీ చుట్టూ చేరి, కాసేపటికి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. అదే ఏడాది అక్టోబరుకు ముంబయి చేరింది. 2011 నవంబరు 27న ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో సుమారు రెండు వందల మంది ‘రంగ్ దే బసంతి’ పాటకు ఆడారు. అంతకు మూడేళ్ల ముందు ఉగ్రవాదుల తూటాలకు జనం నేలకూలిన స్టేషన్ అది. భయం మిగిల్చిన చోటును జనం మళ్లీ తమదిగా చేసుకోవడం ఎలాగో ఆ ఆట దేశానికి చూపించింది.

ఆ పని పల్నాడు ఎప్పటినుంచో చేస్తోంది. పల్నాటి యుద్ధమనే అన్నదమ్ముల పోరుకు రణరంగమైన కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ ఐదు రోజులు ఊరంతా రంగస్థలమే. వీరుల ఆయుధాలు నాగులేటి స్నానానికి వెళ్తాయి. పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడి చాపకూడును తలుచుకుంటూ కులభేదం లేకుండా ఒకే పంక్తిలో భోజనాలు సాగుతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కడ ఆగుతారో, ఆడేవాళ్లు ఎక్కడ మొదలవుతారో చెప్పలేం. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఈ యుద్ధాన్నే బుర్రకథగా చెప్పి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టారు. కథకుడి పక్కన ఇద్దరు వంతలు, తంబురా, డక్కీలు, అందెలు ఉంటే వీధే వేదిక అయిపోయేది. చూసేవాణ్ణి ఆటలో భాగం చేయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఫ్లాష్ మాబ్ ఆ విద్య మీదే నిలబడాలి.

ముందు విషయం, తర్వాత చోటు

ముందు విషయం ఒక్కటే అనుకోవాలి. ఒకే ఆటలో ఓటూ హెల్మెట్టూ మొక్కలూ కలిపితే ఏదీ మనసులో నిలవదు.

తర్వాత చోటు. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ లాంటి కూడలిలో చూసేవాళ్లు ఎక్కువే, బండ్లూ ఎక్కువే. ఆర్టీసీ బస్టాండ్ ఆవరణలో జనం ఎలాగూ నిలబడే ఉంటారు, బస్సు దారి వదిలితే చాలు. అనుకున్న గంటకే రెండు మూడు రోజులు అక్కడ నిలబడి గమనించాలి. ఎటు నుంచి జనం వస్తున్నారు, అంబులెన్స్ రావాలంటే ఏ దారి, ఏ కొట్టు ముందు అడ్డం కాకూడదు అన్నది రాసుకోవాలి. ఎండకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లా ఇది. వేసవిలో సాయంత్రం ఐదున్నర దాటాకే పెట్టుకోవాలి.

మూడోది పర్మిషన్. ఇక్కడ దాపరికం పనికిరాదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంతమంది, ఇంతసేపు అని రాసి స్టేషన్లో అర్జీ ఇవ్వాలి. నిషేధాజ్ఞలు ఉన్న రోజుల్లో అసలు తలపెట్టకూడదు. పాటలో, బట్టల్లో, జెండాల్లో ఏ పార్టీ రంగూ కనిపించకూడదు. ఆశ్చర్యం చూసేవాళ్లకే ఉండాలి. పోలీసులకూ, కొట్లవాళ్లకూ, ఆడపిల్లల తల్లిదండ్రులకూ అంతా ముందే తెలిసి ఉండాలి.

ఒకరితో మొదలై

స్టెప్పులు తేలిగ్గా ఉండాలి. పది పన్నెండు మంది గట్టి డ్యాన్సర్లు ముందు వరసకు చాలు, మిగతావాళ్లు ఎనిమిది లెక్కలో పట్టుకోగలిగిన నాలుగైదు కదలికలు నేర్చుకుంటే సరిపోతుంది. పది మంది చొప్పున జట్లుగా రిహార్సల్ చేసి, చివరి రెండు రోజులు అందరినీ కాలేజీ గ్రౌండ్లో కలపాలి. నేల మీద సున్నంతో సెంటర్ కొలతలు గీసి ఆడితే అసలు రోజు తడబాటు ఉండదు.

అసలు బలం ఆటలోకి వచ్చే పద్ధతిలో ఉంది. మొదట డప్పు ఒక్కటే మోగాలి. ఒక అమ్మాయి అడుగు కలుపుతుంది. కాసేపటికి టీ కొట్టు దగ్గర నిలబడ్డ ముగ్గురు, ఆ వెనక బస్సు కోసం చూస్తున్నట్టున్న పదిమంది, పల్లవి రెండోసారి వచ్చేసరికి అందరూ. ఒక్కసారే యాభై మంది దూకితే ఇక్కడ జనం బెదిరిపోతారు. ఒకరి తర్వాత ఒకరు చేరితే దగ్గరికి వస్తారు. నలువైపులా ఒక్కో వలంటీరు నిలబడి, “బాబాయ్, పిల్లల డ్యాన్స్ ప్రోగ్రాం, గొడవేం లేదు” అని పెద్దవాళ్లకు చెబుతూ ఉండాలి. ఈ నలుగురి పని డ్యాన్సు కంటే తక్కువదేం కాదు.

నడుమ కోలాటం పెట్టుకుంటే మన ఊరి ముద్ర పడుతుంది. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఎదురువైపు తిరుగుతూ కోలకు కోల తగిలిస్తుంటే ఏ స్పీకరూ అక్కర్లేని తాళం పుడుతుంది. కోలలు పొట్టివిగా, రంగు రిబ్బన్లు చుట్టి ఉండాలి. వాటి సంగతి అర్జీలోనూ రాయాలి. గొడవ నాడు కర్రలు చూసిన కూడలిలోనే, ఆ కర్రలు తాళం వేయడం జనం చూడాలి. చివర్లో అదనంగా తెచ్చిన కోలలు నాలుగు చుట్టూ ఉన్నవాళ్లకు అందిస్తే, పూలమ్మే అమ్మో, ఆటో అన్నో తప్పకుండా అందుకుంటారు. కోలాటం తెలియని ఊరు మన దగ్గర తక్కువ.

ముగింపు శుభ్రంగా ఉండాలి. చెప్పదలుచుకున్న మాట ఒక్క వాక్యంలో అందరూ కలిసి అనాలి. తర్వాత నిమిషంలోపు ఎవరి దారిన వాళ్లు విడిపోవాలి. సెల్ఫీల కోసం రోడ్డు మీద గుమిగూడితే చేసిందంతా వృథా. రాలిన పూలు, నీళ్ల సీసాలు ఏరి తీసుకుపోవడం కూడా ఆటలో భాగమే.

ఎందుకింత శ్రమ

వీడియో లైకులకే అయితే ఇంత పని అవసరం లేదు. ఇందులో వేర్వేరు ఊళ్లు, కులాలు, పార్టీల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మూడు నాలుగు వారాలు ఒకే తాళానికి అడుగు కలుపుతారు. పక్కవాడు తప్పితే అందుకోవడం, లెక్క తప్పకుండా ఆగడం, పోలీసు అధికారితో జంకు లేకుండా మాట్లాడటం నేర్చుకుంటారు. రేపు వాళ్ల ఊళ్లో ఎవరైనా గుంపు కట్టమంటే, మంచికి గుంపు కట్టడమెలాగో అప్పటికే తెలిసి ఉంటుంది. అందుకే నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీలు ఏడాదికి ఒక్కసారైనా, మూడూళ్ల పిల్లలనూ కలిపి, ఈ పని చేపట్టాలి. సెంటర్ పల్నాడు జనం సొత్తు. దాన్ని భయానికి వదిలేయాల్సిన పని లేదు.