పాము జారిపోయే గట్టు

పెరట్లో చేపల తొట్టి కట్టించుకున్నవాళ్లు ఇంటికొచ్చినవాళ్లకు మొదట చూపించేది చేపల్ని. నా కళ్లు గట్టు మీదికి పోతాయి. హైదరాబాద్‌లో ఖాజాగూడ వైపు ఒక ఇంటి వెనక ఉన్న తొట్టి గట్టు దగ్గర నేను నిలబడ్డంతసేపు మరే తొట్టి దగ్గరా నిలబడలేదు. ఒక తాపీ మేస్త్రీ, ఒక వెల్డరు కలిసి చేసిన పని అది. లోపల పెద్ద అరలో కొర్రమీనులు, పక్కన చిన్న అరలో గప్పీలు. పైన ఇనుప జాలీ మూత. దూరం నుంచి కనిపించేది ఇంతే. వంగి చూస్తే మాత్రం పాము ఎలా పాకుతుందో, ఎక్కడ పట్టు దొరుకుతుందో, ఏ సందులో తల పెడుతుందో బాగా గమనించినవాళ్ల చేతిపని అని అర్థమవుతుంది.

ఈ ప్రాంతంలో అలాంటి గమనిక అవసరం. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం ప్రారంభమైనప్పటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరసగా అద్దాల భవనాలతో నిండిపోయాయి గానీ కింద నేల అదే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, వాటి సందులు ఇంకా ఉన్నాయి. దుర్గం చెరువు ఉంది, మల్కం చెరువు ఉంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని పొదలూ కుంటలూ ఉన్నాయి. చెరువు నుంచి చెరువుకు నీళ్లు పోయే దారులు విల్లాల ప్రహరీల వెంటే సాగుతున్నాయి. వానాకాలంలో ఆ నీటి వెంట కప్పలు, కప్పల వెంట పాములు వస్తాయి. వాటి దారిలో మనం ఒక తొట్టి కట్టి, నిండా చేపలు పోసి పెడతాం. వచ్చిన పామును తప్పుపట్టలేం.

చేపల తొట్టి దగ్గరికి ఎక్కువగా వచ్చేది నీరుకట్టె. పసుపు కలిసిన గోధుమ రంగు ఒంటి మీద గళ్లుగళ్లుగా నల్ల మచ్చలు, కంటి కింద నుంచి ఏటవాలుగా రెండు నల్ల గీతలు. దాని తిండి చేపలు, కప్పలు. రాత్రీ పగలూ తిరుగుతుంది, చక్కగా ఈదుతుంది. విషం లేదు. కానీ కోపం ఎక్కువ. అదిలిస్తే మెడ చదును చేసి లేస్తుంది, పట్టుకోబోతే కరుస్తుంది. ఆ చదును మెడను పడగ అనుకుని, నాగుపామని కర్రతో కొట్టి చంపేవాళ్లు చాలామంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నేరమన్న మాట అటుంచితే, తొట్టి సరిగ్గా కట్టి ఉంటే ఆ కర్ర ఎత్తే అవసరమే రాదు.

ఇక గట్టు సంగతి. నేల మీద నుంచి మూడడుగుల ఎత్తు. పాము ఒంట్లో కొంత భాగాన్ని నిలువుగా లేపి అంచు అందుకోగలదు కాబట్టి అడుగు, అడుగున్నర గోడ దానికి లెక్కలోది కాదు. అయితే ఎత్తు ఒక్కటే అయితే ఎవరైనా కట్టేస్తారు. ఈ మేస్త్రీ బయటివైపు పూతను ఎంత నునుపుగా తీశాడంటే, అరచేయి పెట్టి కిందికి లాగితే ఎక్కడా గరుకు తగలదు. మామూలు సిమెంటు మాలు పూత ఇసుక పలుకులతో గరగరలాడుతుంది. పాము కడుపు కింది పొలుసుల అంచులు ఆ గరుకు మీద పట్టు దొరికించుకుంటాయి. అందుకే ఆయన పైపూత తడి ఆరకముందే నీట్ సిమెంటు చల్లి, ఇనుప తాపీతో మళ్లీ మళ్లీ రుద్దాడు. తాపీ ఆగిన గుర్తు గాని, పూతకు పూత అతికిన గీత గాని ఎక్కడా లేదు. పూత పని తెలిసినవాళ్లకు ఇది ఎంత కష్టమో తెలుసు. ఎండలో సిమెంటు త్వరగా బిగుస్తుంది, గోడ మొత్తం ఒక్క ఊపులో ముగించాలి.

గట్టు పైన నాలుగు అంగుళాలు బయటికి పొడుచుకొచ్చిన చూరు ఉంది. దాని అడుగు భాగం కూడా అంతే నునుపు. గోడ ఎక్కడానికి ప్రయత్నించే పాము అక్కడికి చేరినా వెనక్కి వంగాలి, వంగితే పట్టు పోతుంది. నేలలోకి పోయే భాగం నాకు కనబడలేదు గానీ ఇంటాయన చెప్పారు: పునాది చుట్టూ ఆరంగుళాల లోతున కాంక్రీటు పట్టీ వేశారట, ఎలుక బొరియ తవ్వితే పాము ఆ దారిన రాకుండా. చేపల మేత ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట జెర్రిపోతు, నాగుపాము. మేత డబ్బాకు బిగుతు మూత పెట్టడం కూడా ఈ కట్టడంలో భాగమే అంటాను నేను.

అన్నిటికంటే నాకు నచ్చినది, గోడ దగ్గర ఉండకూడనివాటిని లేకుండా చేసిన తీరు. తొట్టి ప్రహరీని ఆనుకోలేదు, మనిషి నడిచేంత దూరంలో ఉంది. రెండు గోడలు కలిసే మూలలో పాము ఒళ్లు అటూ ఇటూ అదిమి పెట్టి పైకి ఎగబాకగలదు, ఇక్కడ ఆ మూల లేదు. మోటారు పైపు గోడ పట్టుకుని పైకి రాదు, నేల కింద నుంచి లోపలికే పోయింది. పైపుకీ గోడకీ మధ్య ఉండే సన్నని సందు పాముకు నిచ్చెన. పూల కుండీ ఆనించలేదు, మల్లె తీగ పాకించలేదు. చాలా ఇళ్లలో అందం కోసం తొట్టి చుట్టూ గులకరాళ్లు, బోలు రాళ్లు పేరుస్తారు. ఫొటోకు బాగుంటుంది గానీ పాము దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఇక్కడ గట్టు చుట్టూ ఉన్నది పొట్టిగా కోసిన గడ్డి మాత్రమే.

మిగులు నీళ్లు బయటికి పోయే గొట్టం దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. గోడ ఎంత ఎత్తు కట్టినా ఆ గొట్టం బయటి నోరు నేల మట్టంలో తెరిచి ఉంటే పాము నేరుగా నీళ్లలోకి దిగుతుంది. ఈ వెల్డరు దానికి స్టీలు జాలీతో చిన్న టోపీ చేసి, మరతో బిగించాడు. విప్పి నాచు కడిగి మళ్లీ బిగించొచ్చు. లోపలి నోటికి ఇంకొకటి. బయటిది పాముకు, లోపలిది గప్పీ పిల్లలకు.

మూత విషయంలో వెల్డరు ఎదుర్కొన్న చిక్కు వేరు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, 2016లో ప్రకటించారు. అది నీళ్లలోని ప్రాణవాయువుతో సరిపెట్టుకోదు, పైకి వచ్చి గాలి మింగాలి. ఆ దారి మూస్తే చచ్చిపోతుంది. పైగా ఎగురుతుంది, బయటపడితే తడి నేల మీద పాకుతూ పోగలదు. కాబట్టి మూత నీటిని తాకకూడదు, చేపను బయటికి పోనివ్వకూడదు, పామును లోపలికి రానివ్వకూడదు. నీటి మట్టానికీ మూతకీ మధ్య అడుగున్నర ఖాళీ వదిలాడు. పైన పావు అంగుళం కన్నుల జీఐ వెల్డెడ్ జాలీ. అల్లిన జాలీ అయితే తీగలు జరిగి కన్ను పెద్దదవుతుంది, అతికిన దానిలో జరగదు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన నీరుకట్టె పిల్ల అర అంగుళం కన్నులోంచి సులువుగా దూరిపోతుంది, అందుకే పావు. ఎగిరిన కొర్రమీను ముక్కు ఇనుముకు కొట్టుకోకుండా జాలీ అడుగున ముడుల్లేని మెత్తని వల బిగువుగా లాగి కట్టాడు. జాలీ కోసిన కొసలన్నీ యాంగిలుకీ ఫ్లాట్ పట్టీకీ మధ్య నొక్కి బోల్టులు వేశాడు. మూత చుట్టూ చెయ్యి తిప్పాను, ఒక్క తీగ కూడా గుచ్చుకోలేదు.

కబ్జాల వైపు మూతకూ గట్టుకూ నడుమ సందు తప్పదు. చిటికెన వేలు దూరే సందు ఉంటే పాము పిల్లకు అది వాకిలే. అక్కడ పాత లారీ ట్యూబు రబ్బరు పట్టీ కొట్టాడు. మూత ఎత్తితే వంగుతుంది, దించితే అతుక్కుంటుంది. రూపాయి ఖర్చు లేని ఆ పట్టీ దగ్గరే ఆయన అసలు తెలివి కనిపించింది నాకు.

ఇదంతా ఎందుకు, ఒక నైలాన్ వల కప్పేస్తే పోలా అని చాలామంది అనుకుంటారు. పక్షుల కోసం అమ్మే సన్నదారం వల చవక, గంటలో పని అయిపోతుంది. ఆ వలలో పాముకు ఏమవుతుందో తెలిస్తే కప్పేవాళ్లు కప్పరు. పాము తల దూరుస్తుంది, ముందుకు పోతుంది, లావైన నడుము దగ్గర ఇరుక్కుంటుంది. వెనక్కి రాబోతే పొలుసులు వెనక వైపు తెరుచుకుని ఉంటాయి గనుక దారం వాటి కిందికి జొరబడుతుంది. గింజుకున్న కొద్దీ చర్మంలోకి కోసుకుపోతుంది. ఎండ పడితే అక్కడే ప్రాణం పోతుంది.

హైదరాబాద్‌లో అలాంటి పిలుపు వస్తే వెళ్లేవాళ్లు ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు. 1995 నుంచి ఉన్న సంస్థ, అటవీ శాఖతో కలిసి పనిచేస్తుంది, బౌరంపేటలో వాళ్లకు సంరక్షణ కేంద్రం ఉంది. ఏటా వేల పాముల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి తగిన చోట వదులుతారు. వలలోంచి పామును తీయడం చేత్తో చేసే పనుల్లో అత్యంత సున్నితమైనది. మొదట తలను కదలకుండా చూడాలి. విషసర్పమైతే తల భాగాన్ని గొట్టంలోకి పంపి పట్టుకోవాలి. ఆ తర్వాత చిన్న కత్తెర మొనను ఒక్కో దారం కిందికి పోనిచ్చి, చర్మం తెగకుండా దాన్ని కత్తిరించాలి. లాగకూడదు, తొందరపడకూడదు. గాయముంటే మానేదాకా ఉంచుకోవాలి. ఆ ఓపికను నేను ఆ వెల్డరు బోల్టుల వరసతో కలిపి చూస్తాను. ఇక్కడ ఒకరు అంత జాగ్రత్తగా బిగిస్తే, అక్కడ ఇంకొకరు కత్తెర పట్టే పని తప్పుతుంది.

ఫినాయిలు, గంధకం చల్లి పాములు రావని నమ్మేవాళ్లతో నాకు వాదన లేదు, ఒక్క మనవి మాత్రం. పాముల్ని అవి ఆపవు. వాన పడితే ఆ ఫినాయిలు తొట్టిలోకి కొట్టుకొస్తుంది, చేపలకు అది విషం.

పక్షుల బెడద ఇంత కష్టం కాదు. గుడ్డికొంగ గట్టు అంచున గంటల తరబడి కదలకుండా నిలబడి లోతులేని నీళ్లలో పొడుస్తుంది. లకుముకి పిట్ట తీగ మీద నుంచి నిట్టనిలువుగా దూకుతుంది. నీటికాకి మునిగి వేటాడుతుంది. మూడడుగుల లోతు, నిలువు గోడలు, పైన జాలీ ఉంటే మూడింటికీ ఇక్కడ పని లేదు. పిల్లి మూత మీద ఎక్కి కూర్చుంటుందట, జాలీ కుంగకుండా నడిమధ్య ఒక యాంగిలు అడ్డంగా వేశారు. ముంగిసకు కూడా మూతకున్న గడియ చాలు.

ఏ జాలీ ఆపలేని వేటగత్తె ఒకతి ఉంది. తూనీగ. దాని పిల్లలు నీళ్లలో నెలల తరబడి పెరుగుతాయి, కింది పెదవిని ముందుకు విసిరి గప్పీ పిల్లల్ని పట్టి తింటాయి. సన్న తూనీగలు గుడ్లను నీటి మొక్కల కాడల్లోపల పెడతాయి. అందువల్ల నర్సరీ నుంచి తెచ్చిన ప్రతి మొక్కతోనూ అవి లోపలికి రావచ్చు. మేస్త్రీ దీనికోసం గట్టు పక్కన విడిగా ఒక చిన్న తొట్టి కట్టాడు, చేపలు లేనిది. కొత్త మొక్క వస్తే కొన్ని వారాలు దానిలోనే ఉంటుంది. రోజూ తెల్ల పళ్లెంలో ఆ నీళ్లు పోసి చూస్తారు. ఆరు కాళ్ల పురుగు కదిలితే మొక్క ఇంకొన్నాళ్లు అక్కడే ఉండాలి, పురుగును తీసి కాలవలో వదులుతారు. గప్పీల అరలోకి మాత్రం శుభ్రమైన వేళ్లతో మొక్క దిగుతుంది, ఆ వేళ్ల గుబురులో పిల్లలు దాక్కుంటాయి.