మిషన్ల చరిత్రను ఏ పుస్తకాలలో చదవాలి?

క్రైస్తవ మిషనరీల గురించి మన ఇళ్లలో ఏదైనా పుస్తకం ఉందంటే అది సాధారణంగా మునాజరాకు సంబంధించినదై ఉంటుంది. 1854లో ఆగ్రాలో ఫాదరీ ఫాండర్‌తో మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ జరిపిన చర్చ, ఆ తరువాత ఆయన రచించిన ‘ఇజ్‌హారుల్ హఖ్’ మన పాఠకులకు పరిచితమే. ఆ గ్రంథానికున్న విలువ దానికుంది. అయితే అది సిద్ధాంత చర్చ. లక్షలాది జనం ఏ ఊళ్లలో, ఏ పరిస్థితుల్లో, ఏం ఆశించి క్రైస్తవంలో చేరారో అది చెప్పదు. చెప్పటం దాని ఉద్దేశమూ కాదు. అది తెలియాలంటే వేరే పుస్తకాలు చదవాలి.

ఎవరినడిగినా మొదట చెప్పేది కెన్నెత్ స్కాట్ లాటరెట్ రచన. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఆయన క్రైస్తవ విస్తరణ చరిత్రను 1937-45 మధ్య ఏడు సంపుటాలుగా వెలువరించారు. అందులో మూడు సంపుటాలు 1800 నుండి 1914 వరకు గల కాలానికే సరిపోయాయి. ఒక మిషన్ ఎప్పుడు, ఎక్కడ మొదలైందో కావాలంటే నేటికీ అది పనికొస్తుంది. కాని ఆయన కొంతకాలం చైనాలో మిషన్ పని చేసినవారు. ఆ దృష్టి పుస్తకమంతటా కనిపిస్తుంది. పంపినవారికి పేర్లూ, ఆశయాలూ ఉంటాయి. చేరినవారు ఎక్కువగా అంకెల్లోనే కనిపిస్తారు.

ఈ లోటు ఎంతటిదో మన తెలుగునాటి ఉదంతమే చూపుతుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది 1876-78 నాటి పెద్ద కరువు వెన్నంటి జరిగింది. ఆ కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, అక్కడివారి మాటలో క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. ఇంతమాత్రం వినగానే “గంజి కోసం మతం మారారు” అని తేల్చేసేవారు మనలో ఉన్నారు.

క్లౌ జ్ఞాపకాలు ఆయన మరణానంతరం 1914లో వెలువడ్డాయి. కరువు పని సాగినంతకాలం తాను బాప్తిస్మాలు ఆపివేశానని ఆయన చెప్పుకున్నాడు. తన పని గురించి తానే ఇచ్చుకున్న సాక్ష్యం గనుక దీనిని జాగ్రత్తగా తీసుకోవాలి. ఆయన భార్య ఎమ్మా మాదిగల గురించి 1899లో ప్రచురించిన పుస్తకం నా దృష్టిలో ఇంకా విలువైనది. అందులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కనిపిస్తాడు. క్రైస్తవం సంగతి తెలియకముందే రాజయోగం చెప్పే గురువులను ఆశ్రయించి దైవాన్వేషణ చేసినవాడు. అతడు క్రైస్తవుడై తనవారిని తీసుకురావటం కరువుకు దాదాపు పదేళ్ల ముందరి మాట. మరి అతడిని గంజి లెక్కలో ఎలా వేస్తాం? అంటరానితనం, బంధుబలగం, ఆకలి, దైవచింత అన్నీ కలిసిన కథ అది. దొరసాని కలం నుండి వచ్చింది కాబట్టి దయ చూపే ధోరణి ఉంది, నిజమే. అయినా పేరయ్య కనిపించేది అక్కడే.

టి.డబ్ల్యు. ఆర్నాల్డ్ అలీగఢ్‌లో ఉండగా 1896లో రాసిన పుస్తకాన్ని మనం గర్వంగా ఉదహరిస్తాం. ఇస్లాం ప్రధానంగా బోధకుల వల్ల వ్యాపించిందనీ, బెంగాల్‌లో అణగారిన కులాలు దానిలో గౌరవాన్ని చూశాయనీ ఆయన చూపించారు. మన విషయంలో ఈ వివరణను స్వీకరించి, ఒంగోలు మాదిగల విషయంలో మాత్రం ఆకలి ఒక్కటే కారణమంటే అది ఏ న్యాయం? విరోధుల పట్ల కూడా న్యాయం తప్పరాదన్న ఖుర్ఆన్ ఆదేశం చరిత్ర చదివేవాడికీ వర్తిస్తుంది.

ఇటీవలి రచయితల్లో లామిన్ సన్నేను వదలరాదు. గాంబియాలో ముస్లిం కుటుంబంలో పుట్టి, తరువాత క్రైస్తవుడై, యేల్‌లో బోధించి, 2019లో మరణించారు. బైబిలు అనువాదం వల్ల స్థానిక భాషలకు బలం చేకూరిందని, దానితో స్థానికులే మతానికి యజమానులయ్యారని 1989 నాటి గ్రంథంలో వాదించారు. ఈ వాదం మిషనరీని కథ మధ్య నుంచి పక్కకు జరిపింది. అది మేలే. కాని ఇస్లాం అరబ్బీని అంటిపెట్టుకున్నదని ఆయన పెట్టిన పోలిక నాకు సగమే నిజమనిపిస్తుంది. నమాజు అరబ్బీలో చేసినవారే దక్కనీలో, బెంగాలీలో ధర్మబోధ రాసుకున్నారు గదా!

గణాంకాలకు అందరూ పట్టుకునేది డేవిడ్ బారెట్ 1982లో తెచ్చిన ప్రపంచ క్రైస్తవ విజ్ఞాన సర్వస్వం. భారతదేశానికి అది ఇచ్చే సంఖ్య జనగణన సంఖ్యకన్నా ఎక్కువ. బహిరంగంగా చెప్పుకోని విశ్వాసులనూ అది లెక్కిస్తుంది. మతం మారితే షెడ్యూల్డు కులం హోదా పోయే 1950 నాటి ఉత్తర్వు ఉండగా జనగణననూ పూర్తిగా నమ్మలేం. ఈ చిక్కు దళిత ముస్లింలకూ తెలిసిందే.

చివరగా, 1976లో స్విట్జర్లాండులోని షాంబెజీలో ఖుర్షీద్ అహ్మద్, ఇస్మాయీల్ ఫారూఖీ ప్రభృతులు క్రైస్తవ పండితులతో జరిపిన చర్చల సంపుటం. లెస్టర్‌లోని ఇస్లామిక్ ఫౌండేషన్ దానిని 1982లో పుస్తకంగా తెచ్చింది. సేవాకార్యక్రమాలను మతమార్పిడికి వాడుకోవటాన్ని అక్కడి ఉమ్మడి ప్రకటన తప్పుపట్టింది. మనవారు తరచు ఉదహరించేది ఆ భాగాన్నే. ఇస్లాంను వీడదలచినవాని స్వేచ్ఛ మాటేమిటని బిషప్ కెన్నెత్ క్రాగ్ అదే సమావేశంలో అడిగారు. ఆ పుటలను కూడా దాటవేయకుండా చదవాలి.